మావయ్య దగ్గర నేర్చుకున్న గుండె చప్పుడు

మా మావయ్య పోయారన్న ఉత్తరం నాకు నాలుగో రోజున చేరింది. అప్పటికే అంతా అయిపోయింది. రాసినవాడు లాకు దగ్గర గుమాస్తా. "పొద్దున్నే పై తలుపు మూసి దూలం మీద కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ముక్కలో లేని సంగతి కూడా నాకు తెలుసు. తెలిసి ఏడేళ్ళయింది. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది అందుకే. పొగడటానికైతే రాసేవాణ్ణి కాదు, ఎవరైనా పొగిడితే ఆయన అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవారు.

ఆయన మా అమ్మకు అన్నగారు. మండపేటకు ఎగువన కాలవ మీద లాకు చూసుకునేవారు. ఆ పని చూడనివారి కోసం చెబుతాను. కాలవ అక్కడ మెట్టు దిగినట్టు ఒక్కసారిగా దిగుతుంది. పడవ దూకలేదు కనుక ముందూ వెనకా పెద్ద చెక్క తలుపులు పెట్టి, మధ్యలో పడవను నిలిపి, నీళ్ళు నింపో వదిలో దాన్ని ఎక్కించి దించుతారు. ఒక్కో తలుపుకీ ఓ పొడుగాటి దూలం ఉంటుంది. దానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నెడితేనే తలుపు కదులుతుంది. ధాన్యం పడవలు వచ్చే రోజుల్లో ఆయనకు అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు.

ఆయనకొక అలవాటుండేది. తలుపు సగం నెట్టి ఆగిపోయేవారు. ఆగి, దూలానికి ఆనుకుని, పడవవాళ్ళకు ఏదో ఒక కబురు అందుకునేవారు. పట్టిసీమ తీర్థంలో తప్పిపోయి వేరే ఊరి బండెక్కిన ముసలాయన సంగతి, కాలవ ఇంజనీరు దొర గుర్రం బురదలో కూరుకుపోయిన సంగతి, అలాంటివి. ముందు మెల్లగా రెండు మాటలు, కాసేపు ఊరుకోవడం, మళ్ళీ రెండు మాటలు. అందరూ అది కథ చెప్పే నేర్పనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

"తలుపు తియ్యండి బాబూ, మీ కథ అయ్యేలోపు మా ధాన్యం మొలకలొచ్చేస్తాయి" అని పడవవాళ్ళు వేళాకోళం చేసేవారు.

"కథ అయితేగానీ ఇది తెరుచుకోదురా. దాని గుణం అంతే" అనేవారు మావయ్య.

నేను కాకినాడలో స్టీమరెక్కి మద్రాసు వెళ్ళి వైద్యం చదువులో చేరిన మొదటి ఏడాది సెలవులకు ఇంటికి వచ్చాను. వచ్చాక తెలిసింది, నేను ఇంట్లోవాణ్ణి కాకుండా పోయానని. శవాలు కోసి వచ్చానని మా అమ్మ నన్ను పెరట్లో స్నానం చేయించి, కంచం వేరుగా పెట్టింది. నాకేమో కళాశాలలో ఒక పని అప్పగించారు. శరీర ధర్మాలు బోధించే దొర ఒక్కొక్కరికీ ఓ చెక్క గొట్టం ఇచ్చి, సెలవుల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకర్ని చూసుకుని రోజూ గుండె వినమన్నారు. రోగం సంగతి తరవాత, బాగున్న గుండె ఎలా ఉంటుందో ముందు చెవికి పట్టాలన్నది ఆయన పద్ధతి. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ గొట్టం ఆయుష్షు పీల్చేస్తుందని మా పిన్ని తలుపేసుకుంది. గొట్టం పట్టుకుని కాలవగట్టున నడిచి లాకు దగ్గరికి వెళ్ళాను.

మావయ్య నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూశారు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను."

"అయితే ఇంకేంటి? రా" అని భుజం మీది కండువా తీసి పక్కన పెట్టారు.

ఆ ఒక్క మాటకు నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉన్నాను. నెల రోజులు ప్రతి ఉదయం ఆయన దూలం మీద కూర్చునేవారు, నేను వినేవాణ్ణి. లబ్, వెనకే హుస్సుమని ఒక ఊపిరిలాంటిది, ఆ తరవాత డప్. లబ్, హుస్, డప్. కళ్ళు మూసుకుని వేళ్ళతో నేల మీద తాళం వేసుకుని మరీ బట్టీ పట్టాను. గుండెలో గదులుంటాయనీ, నెత్తురు వెనక్కి పోకుండా మధ్యలో తలుపులుంటాయనీ చెబితే ఆయన మోకాలు మీద చరుచుకున్నారు.

"ఇంతోటిదానికి మద్రాసెందుకురా? ఇది మన లాకే కదా!"

లేచేముందు రోజూ ఒకే ప్రశ్న అడిగేవారు. "ఏమంటోందిరా?"

"రాయిలా ఉంది మావయ్యా. నూరేళ్ళు కొట్టుకుంటుంది."

ఆ మాట అనడానికి నాకేం అధికారం ఉందో ఇప్పటికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళ వయసులో చెవికన్నా నోరు ముందు నేర్చుకుంటుంది కాబోలు.

మద్రాసులో పరీక్షనాడు దొర ఒక పనివాణ్ణి కూర్చోబెట్టి గుండె వినమన్నారు. విన్నాను. లబ్, డప్. మధ్యలో ఏమీ లేదు. కంగారుపడి మళ్ళీ విన్నాను. ఇతనిలో ఒక చప్పుడు లోపించింది, గుండె జబ్బున్నట్టుంది అని చెప్పాను. క్లాసంతా పకపకా నవ్వింది. దొర నవ్వలేదు. ఏ చప్పుడు లోపించిందో నోటితో చెప్పమన్నారు. చెప్పాను. నువ్వు ఎవరి గుండె విని నేర్చుకున్నావని అడిగారు. మా మావయ్యదన్నాను. ఆయన ఏం పని చేస్తారని అడిగారు. అదీ చెప్పాను. ఆ గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదనీ, నువ్వు విన్నది నెత్తురు వెనక్కి కారే చప్పుడనీ, ఆయన ఇక ఏ బరువూ నెట్టకూడదనీ మెల్లగా చెప్పారు. నా క్లాసువాళ్ళు ఆ పరీక్ష కథ ఏడాదంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

అందరూ రోగం గుర్తుపట్టడం నేర్చుకుంటుంటే నేను రోగాన్నే ఆరోగ్యమని నేర్చుకున్నాను. మళ్ళీ సెలవులకు, చెప్పెయ్యాలని దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ లాకుకు వెళ్ళాను. గుమ్మంలోనే అత్తయ్య ఎదురైంది.

"నువ్వెళ్ళిన కాణ్ణించీ మీ మావయ్య ఎవర్నీ దూలం పట్టనివ్వట్లేదురా. ఇదివరకు పడవవాళ్ళు ఓ చెయ్యేసేవారు. ఇప్పుడు, మా డాక్టరు విన్నాడు, రాయిలాంటి గుండెన్నాడు, తప్పుకోండి అంటున్నారు."

నేను గొట్టం తీశాను. మావయ్య మామూలుగానే కండువా తీసి కూర్చున్నారు. హుస్సుమనే చప్పుడు పోయినసారికన్నా పొడుగైంది. "ఏమంటోందిరా?" అన్నారు.

"బాగానే ఉంది మావయ్యా."

చెబితే కాలవ పనులు చూసే ఓవర్సీరుకు తెలుస్తుందనీ, పని పోతే లాకు పక్కనున్న ఇల్లూ పోతుందనీ అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం కాదు, కానీ అసలు కారణమూ కాదు. తప్పు నేర్చుకున్నానని ఆయన ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతే. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, కండువా వేసుకుని పనిలోకి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్ళినా గొట్టం పెట్టనిచ్చారు. ఏమంటోందని మాత్రం మళ్ళీ అడగలేదు.

సెలవులకు వెళ్ళినప్పుడల్లా దూలం నేను నెట్టేవాణ్ణి. ఆయన మంచానికి తలవైపు కాళ్ళ కింద మొదట ఒక ఇటుక, తరవాత రెండు, ఆపైన మూడు చేరాయి. కాలవ చూస్తూ పడుకోవడానికి అనేవారు మావయ్య. వెల్లకిలా పడుకుంటే ఊపిరందడం లేదని నాకు తెలుస్తూనే ఉండేది. నాకు ఉద్యోగం వచ్చాక గుండెకిచ్చే చుక్కల మందు పంపిస్తూ, బలానికని రాసేవాణ్ణి. అందిందని జవాబొచ్చేది, అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

ఆయన పోయిన పదో రోజుకు లాకుకు వెళ్ళాను. అత్తయ్య ఖాళీ మందు సీసాలన్నీ కడిగి కిటికీలో పెట్టి ఉంచింది. ఆవిడ కాళ్ళు పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"ఆయనకి తెలుసురా. ఊపిరందక ఆగుతున్న మనిషికి తెలీదా? నేనే అడుగుతానంటే వద్దన్నారు. వాడి నోటితో వాడే చెప్పాలి, తొందరపెట్టకు, అదీ నేర్చుకుంటాళ్ళే అన్నారు. నువ్వొచ్చినప్పుడల్లా ఇవాళ చెబుతాడేమో అని చూసేవారు."

నాకు వినడం నేర్పడానికి ఆయన తన గుండె ఇచ్చారు. చెప్పడం నేర్చుకుంటానని ఏడేళ్ళు ఎదురుచూశారు. నేను నేర్చుకోలేదు. ఇప్పటికీ ఆస్పత్రిలో ఆరోగ్యమైన గుండె విన్నప్పుడల్లా, ఒక్క క్షణం అందులో ఏదో లేదనిపించి మళ్ళీ గొట్టం పెట్టి వింటాను.

సాయంత్రం బయటికి వస్తే కొత్త లాకు మనిషి దూలం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను డాక్టర్నని తెలిసి, తనకీ గొట్టం పెట్టి చూడమన్నాడు. పెట్టాను. లబ్, డప్. మళ్ళీ మళ్ళీ విన్నాను.

"ఏమంటోందండి?" అన్నాడు.

"బాగుంది. నిజంగా బాగుంది" అన్నాను.

అంతలో ధాన్యం పడవ వచ్చి ఆగింది. అలవాటు కొద్దీ పడవవాళ్ళు తాడు కట్టేసి, చుట్టలు ముట్టించుకుని, కథ కోసం గట్టు మీద కూర్చున్నారు. అతను దూలానికి వీపు ఆనించి ఒక్క ఊపున చివరిదాకా నెట్టేశాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పడవవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని, చుట్టలు ఆర్పేసి లేచారు.