సాంచ మోత తీసేసిన పాట

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ గొంతు మా ఇంట్లో ఒకే ఒక్క క్యాసెట్‌లో మిగిలింది. బాపు సాంచ నడుపుతుంటే, పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతూ ఆమె పాడిన పాట అది. సాంచ అంటే మరమగ్గం. దాని మోత ముందు మనిషి అరిచినా వినపడదు. చిన్నప్పుడు నేనే టేప్‌రికార్డర్‌ను ఆమె వెనక పెట్టి, తెలియకుండా రికార్డు చేశాను. అవ్వ పోయి నాలుగేళ్లయింది.

ఆ మోత ఒక్కటి పోతే పాట ఎంత బాగుంటుందో అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

కరీంనగర్‌లో పాత రికార్డింగులకు మెరుగు పెట్టే స్టూడియో దొరికింది. అక్కడి కుర్రాడు క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అవ్వ పాడని చోట ఉత్త సాంచ మోత ఉన్న ముక్కను పట్టుకుని, అలాంటి చప్పుడు పాటలో ఎక్కడున్నా తీసెయ్యమని కంప్యూటర్‌కు చూపించాడు. తర్వాత సన్నటి ధ్వనులను పెంచి, అంతా ఒకే మట్టానికి తెచ్చాడు.

"సూడన్నా, అద్దం లెక్క అయింది," అన్నాడు. నిజమే, ప్రతి మాటా వినపడింది. మురిసిపోయాను.

అప్పుడే అక్క వచ్చి, తన మక్కజొన్న చేను మీద చిలకలు వాలకుండా కట్టడానికి పాత క్యాసెట్ల రీళ్లు అడిగింది. మా వైపు చాలామంది అలాగే కడతారు, గాలికి జుయ్యిమంటాయి. మెరుగు పెట్టిన పాట ఫోన్‌లో ఉంది కదా అని, అక్క తెచ్చిన సంచిలో అవ్వ క్యాసెట్ కూడా నేనే వేశాను.

మంథనికి చుట్టాలింటికి పోయిన బాపు వారానికి తిరిగొచ్చాడు. వినిపించాను. సగంలోనే ఆపమని చెయ్యెత్తాడు.

"గీమె ఎవలురా?"

"అవ్వే గద బాపూ!"

"మీ అవ్వ సాంచ ఆగితె పాడకపోయేది. ఎవలన్న ఇంటరని సిగ్గు. అది నడిస్తెనే నోరిప్పేది, దాని దెబ్బకే పాట అందుకునేది."

మళ్లీ విన్నాను. మోతతో పాటు ఆమె గొంతులోని గరుకు కూడా పోయింది. మగ్గం దెబ్బ పడాల్సిన చోటల్లా ఖాళీ. ఎవరో పరాయి మనిషి పాడుతున్నట్టుంది.

స్టూడియోకు ఫోన్ చేశాను. "అసలుది మీ క్యాసెట్‌ల ఉంటది గదన్నా, నేను కంప్యూటర్‌ల ఉంచలే," అన్నాడు.

బాపూ నేనూ జమ్మికుంట దగ్గర అక్క చేనుకు పరుగెత్తాం. రీళ్లు వానకు తడిసి, మెలిపడి, ముక్కలై గుంజలకు వేలాడుతున్నాయి. ఏ ముక్క ఏ క్యాసెట్‌దో తెలియదు. "నువ్వే గదరా ఇచ్చింది," అని అక్క ఏడ్చింది.

బాపు ఒక ముక్కను వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పోనీ, నువ్వు తీసేయించిన సాంచ సప్పుడన్న యాడనన్న ఉన్నదారా?"

"లేదు బాపూ," అన్నాను.