తొలి ఈత గొర్రె

బిడ్డ పుట్టిన కొత్తలో, నీళ్లు పోస్తుంటే ఒకరోజు నా చేతులు జివ్వుమన్నాయి. ఆ లేత మెడ మీద వేళ్లు బిగించేస్తానేమో అన్న ఆలోచన పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత బిడ్డ ఏడ్చినప్పుడల్లా అదే. వేళ్లు వాటంతట అవే వంగుతున్నట్టుండేది. చూసుకుంటే చేతులు ఒళ్లో కదలకుండా ఉండేవి. అయినా నమ్మకం కుదిరేది కాదు.

హోసూరు ఫ్యాక్టరీలో సన్నటి తీగలు అతికించిన చేతులివి, ఎన్నడూ వణకలేదు. అలాంటిది బిడ్డను ఎత్తుకోవడం మానేశాను. నడుము నొప్పని సాకులు చెప్పేదాన్ని.

మా అత్త అత్తిముగం ఊళ్లో గొర్రెలు కాసిన మనిషి. తొలిసారి ఈనిన గొర్రె ఒక్కోసారి పిల్లను దగ్గరికి రానివ్వదు. అప్పుడు రెండింటినీ ఒకే ఇరుకు చోట మూసిపెడతారు. వాసన అలవాటై గొర్రె తనే పిల్లకు పాలు ఇస్తుంది. నా వాలకం చూసి అత్త నన్నూ ఆ లెక్కలోనే వేసింది. ఒక మధ్యాహ్నం రాగుల మూటల గదిలో బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, బయట గడియ పెట్టింది. కోడలికి గొర్రె వైద్యం చేసిన అత్త మా చుట్టుపక్కల ఇంకొకతె ఉండదు.

చేతుల్ని తొడల కింద పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. బిడ్డ ఏడుపు అందుకుంది. ఇక ఆగలేక తలుపు వైపు తిరిగి అరిచాను.

"అత్తా, తలుపు తియ్యి. నా చేతులు బిడ్డ గొంతు పిసికేస్తాయేమో అని భయంగా ఉండాది. బిడ్డను ఎత్తుకొని పో."

గడియ తీసింది. బిడ్డను లాక్కుంటుందనుకున్నాను, ఊరంతా చెబుతుందనుకున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను తప్పుగా అనుకున్నానమ్మా. పిల్ల వద్దనుకునే గొర్రె పొడుస్తాది. నువ్వు పిల్ల కోసం బెదురుకుంటా ఉండావు," అంది. నా చేతులు బయటికి లాగి, వాటిలో బిడ్డను పెట్టింది. "నేను ఈడనే ఉంటాను. రేపు కృష్ణగిరికి పోదాం, డాక్టరు దగ్గరికి."

డాక్టరు దాన్ని ఓసీడీ అన్నారు, వద్దన్నా అదే ఆలోచన మళ్లీ మళ్లీ వచ్చే జబ్బట. మాత్రలు రాశారు. ఆలోచన వచ్చినా బిడ్డను కింద పెట్టకుండా కూర్చోవడం నేర్పించారు. నిదానంగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పాపకు జడ వేస్తుంటే వేళ్లు జివ్వుమంటాయి. వచ్చావా, కూర్చో అనుకుని జడ పూర్తి చేస్తాను.

ఆ డాక్టరుకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. అంతకంటే ముందు అత్తకు. బిడ్డను ఎత్తుకొని పొమ్మని ఆ రోజు నేనే వేడుకున్నాను. ఆమె ఎత్తుకొని పోలేదు.