టక్కుమన్న బోల్టు

గోదావరిఖనిలో భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ తీరికలో మా నాన్న టాక్సీగా నడిపిన పాత అంబాసిడర్ ఇంజను వాకిట్లో విప్పడం మొదలుపెట్టాను. తుప్పు పట్టిన ఒక బోల్టు మూడు రోజులైనా కదల్లేదు. నాతో గనిలో చేసిన రాజయ్యను, కొమురయ్యను పిలిచాను. పానాకు పొడుగాటి పైపు తొడిగి ముగ్గురం ఒక్క ఊపున లాగాం.

“టక్!”

మరుక్షణం ముగ్గురం రోడ్డు మీద ఉన్నాం. గనిలో పైకప్పు అలా చప్పుడు చేస్తే వెనక్కి చూడకుండా ఉరకడమే మాకు తెలుసు. కొమురయ్య లుంగీ మాత్రం గేటుకే చిక్కుకుంది. కాలనీ అంతా బయటికొచ్చి చూసింది.

“బోల్టు ఊడింది, ఇగ లోపలికి రాండ్రి! పైన ఆకాశమే ఉన్నది, అదేం కూలదు,” అని అరిచింది మా ఆవిడ.

రిటైరైంది మేమే, మా కాళ్లు కాదు. ఇప్పుడు ఏ బోల్టు పట్టినా, ముందు గేటు బార్లా తీసిపెడుతున్నాను.