విజయక్క మందు వాసన

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. పిల్లల మీద ఒట్టు పెడితే మా ఇంటామె ఊరుకోదు కాబట్టి అన్నం మీదనే పెడుతున్న. నన్ను ఎరిగినోళ్లు ఇప్పటికే నవ్వుతుండొచ్చు. నవ్వుకోండ్రి.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మే ఉద్యోగం కూడా కాదు నాది. ఇబ్రహీంపట్నం అవతల ఒక కాలేజీలో ప్రోటీన్ల ల్యాబ్ చూసుకుంట. కంటికి కనపడనిది ఏదన్నా ఉన్నదంటే దానికి రంగు అంటించి చూపించాలె, లేకపోతే లేనట్టే. ఇదీ మా మతం.

ఆ ల్యాబ్ నడిపింది విజయక్క. అసలు పేరుకు ముందు డాక్టర్ అని ఉండేది, కానీ ఎవరూ అట్ల పిలవలేదు. బడంగ్‌పేట్ నుంచి బస్సుల వచ్చేది. మా పనిలో వాడే ఒక మందు ఉంది, కుళ్లిన గుడ్డూ మాడిన ఎల్లిగడ్డా కలిపినట్టు ఉంటది దాని కంపు. ఏండ్ల తరబడి వాడి వాడి ఆ వాసన ఆమె చీరల్లకు, జడలకు ఎక్కింది. ఎంత రద్దీ ఉన్నా బస్సుల ఆమె పక్క సీటు ఖాళీ. "రిజర్వేషన్ లేకుండనే రిజర్వ్ అయితది బిడ్డా" అని నవ్వేది.

పోయిన ఏడాది జబ్బు చేసి పోయింది అక్క. ఆమె పోయినంక ఆ మందు తెప్పించుడు మానేసినం. వాసన లేని కొత్త రకం వచ్చింది. పాత సీసా ఆఖరి చుక్కదాకా అయిపోతే నేనే కడిగి పారేసిన. గది శుభ్రంగా ఉంది. నాకైతే కొన్నాళ్లు అక్కడ కూసోబుద్ధి కాలేదు.

ఇప్పుడు లావణ్య సంగతి. అక్క దగ్గర చేరిన ఆఖరి పరిశోధక విద్యార్థి. కొంగరకలాన్ వైపు వాళ్లకు కొంచెం చేను ఉండేది, ఇంటికి తినేటందుకు పచ్చజొన్న వేసేటోళ్లు. నీళ్లు లేక చేను ఎండుతుంటే ఆ మొక్క ఎట్ల తట్టుకుంటదన్నదే ఈమె ప్రశ్న. ఆ ఎండల్లో కోసిన ఆకుల నుంచి ప్రోటీను తీసి గడ్డకట్టించి పెట్టింది. తర్వాత చేను ప్లాట్లయింది. మళ్లీ ఆకు తెద్దామంటే అక్కడ రంగు రాళ్లున్నయి. చేసి చేసి ఆ ఎండిన ఆకుది ఒకే ఒక్క ట్యూబు మిగిలింది. అది కూడా చెడితే ఇన్నేండ్ల చదువుకు పట్టా లేదు.

ఆమె చేసే పరీక్షను అక్క మాటల్లోనే చెప్త. ప్రోటీనుకు గంధకం చేతులుంటయి. కొన్ని ఖాళీ చేతులు, కొన్ని ఏదో పట్టుకున్న చేతులు. మొక్క కష్టంలో ఉన్నప్పుడు పట్టుకునే చేతులు పెరుగుతయి. మనకు అవే కావాలె. ముందు ఖాళీ చేతులకు తొడుగు వెయ్యాలె. తర్వాత విటమిన్ సి పోస్తే పట్టుకున్న చేతులు పట్టు వదులుతయి, అప్పుడు వాటికి రంగు అంటించాలె. తొడుగు వెయ్యడం మరిచి ముందుకు పోతే ఎవలెవలికో రంగు అంటుతది, ఫలితం అంతా అబద్ధం.

వెలుతురు పడితే ఆ పట్టు ఊడుతది. అందుకే మిట్టమధ్యాహ్నమైనా పరదాలు గుంజి, ట్యూబులకు వెండి కాగితం చుట్టి, చిన్న ఎర్ర లైటు కింద చేస్తం. కంపు మందు ఆవిరి సోకినా పట్టు ఊడుతది. కాబట్టి అక్క ఒక కట్టడి పెట్టింది: ఈ పరీక్ష నడుస్తుంటే ఆ వాసన వస్తే ఎవలైనా సరే చెయ్యి ఆపాలె, ట్యూబును మంచు మీద పెట్టాలె, వాసన ఎక్కడిదో తేలేదాక ముట్టొద్దు.

ఆ రోజు లావణ్య ఆ చీకట్ల ఒక్కతే పనిచేస్తున్నది. నేను మూలన స్టూలు మీద కూసున్న. ఆ వారం ఆ పిల్ల సరిగ్గ తిన్నది లేదు, పండుకున్నది లేదు. చుక్కలు కొలిచి వదిలే పిపెట్ పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది. విటమిన్ సి తీసుకుని, ఆ ఆఖరి ట్యూబు మూత తెరిచింది.

అప్పుడు గుప్పున వాసన. కుళ్లిన గుడ్డు, మాడిన ఎల్లిగడ్డ.

"లావణ్యా, అక్క మందు!" అన్న.

చెయ్యి అక్కడే ఆగింది. "అన్నా, మజాక్ చేస్తున్నవా? నీ ముచ్చట్లకు ఇది టైమా?" అన్నది. మళ్లీ ముక్కు ఎగబీల్చింది. "అవ్ అన్నా... వస్తుంది."

ట్యూబుకు మూత పెట్టి మంచు మీద పెట్టింది. ఇద్దరం వెతికినం. సింకు, చెత్త డబ్బా, మందుల అలమార, అన్నీ. ఏం లేదు. ఆ జాతి మందు తగిలితే పసుపుపచ్చగా మారే నీళ్లు మా దగ్గర ఉంటయి, అవి గిన్నెల పోసి బల్ల మీద పెట్టిన. రంగు తిరగలేదు.

ట్యూబుల స్టాండు పక్కకు జరిపినప్పుడు లావణ్య గట్టిగ ఊపిరి పీల్చింది. తొడుగు మందు ట్యూబు అక్కడ ఉంది. మూత మీది టేపు చింపనే లేదు. అన్నిటికీ వెండి కాగితమే, అన్నీ ఒక్క తీరే, వేసిన అనుకున్నది. విటమిన్ సి ఒక్క చుక్క పడి ఉన్నా ఆ ఆఖరి ట్యూబు పోయేదే.

ఆమె కింద కూసొని ఏడ్చింది. "అక్కే ఆపింది అన్నా" అన్నది.

ఒకరు వాసన అంటే ఇంకొకరికి కూడా వచ్చినట్టు అనిపిస్తదని మీరనొచ్చు. నేనూ అంట. అందుకే యాదగిరి సంగతి చెప్పాలె. యాదగిరి మా స్టోర్ చూస్తడు. సరుకు కోసం సిటీకి పోయి అప్పుడే బండి మీద వచ్చిండు. తలుపు తడుతుంటే పరదా తొలగించి తీసిన. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడ్డడు.

"ఏందన్నా, విజయక్క మందు మల్ల తెచ్చిండ్రా? నాకు చెప్పకుండ ఎవలు తెచ్చిండ్రు? మెట్ల కాడికే కొడుతుంది" అన్నడు.

లావణ్య నా దిక్కు చూసింది. నేను మెట్ల దాక పోయి చూసొచ్చిన, అక్కడ ఏం లేదు.

తర్వాత లావణ్య తొడుగు వేసి, మొదటి నుంచి ఒక్కొక్కటే పద్ధతిగ చేసింది. ఎండిన చేను ప్రోటీనుకు రంగు గీత నల్లగ, స్పష్టంగ పడింది. పోల్చేటందుకు దాచిన తడి చేను ఆకుది పలుచగ పడింది. అదే ట్యూబుల కొంచెం తీసి విటమిన్ సి వెయ్యకుండ పెట్టిన గడి తెల్లగ ఉంది, అట్లనే ఉండాలె. ఈ మధ్యనే ఆమెకు పట్టా వచ్చింది. స్వీట్లు పంచుకుంట, మొదటి లడ్డు అక్క కుర్చీ మీద పెట్టింది.

ఇగ అన్నం మీద ఒట్టు పెట్టిన కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలె. నాకు ఆ రోజు ఏ వాసనా రాలేదు. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి నా ముక్కు పనిచెయ్యదు, బిర్యానీ కూడా కండ్లతోనే తింటున్న. నేను కూసున్న కాడి నుంచి స్టాండు వెనక టేపు చింపని మూత కనపడ్డది. "మరిచినవ్ పిల్లా" అంటే వణికే ఆ చెయ్యి ట్యూబును కింద పడేస్తదని భయమైంది. అక్క కట్టడి యాదికొచ్చి, నోటికి వచ్చిన అబద్ధం ఆడిన. స్టాండు జరిపి వెతుకుమన్నది కూడా నేనే. తప్పు తనే చూసుకుంటే తన చేతి మీద తనకు నమ్మకం పోదని.

కాబట్టి వాసన నా కల్పన. లావణ్యకు వచ్చింది నా మాట విని. ఇది చదివి నన్ను తిడుతది, తిట్టనీ.

కానీ నేను ఆ అబద్ధం ఆడినప్పుడు యాదగిరి ఇంకా సిటీ నుంచి వచ్చే సాగర్ రోడ్డు మీదనే ఉన్నడు. ఎవలన్నా ఫోన్ చేసిండ్రా అని ఎన్ని తీర్ల అడిగినా "నా బర్రె మీద ఒట్టన్నా, ఎవలూ చెప్పలే" అంటడు. ఆయన బర్రె మీద ఒట్టు తప్పేటోడు కాదు. ఇంత బతుకుల ఎన్ని కథలు అల్లినా, మెట్ల కాడ ఆయనకు తగిలిన వాసనకు మాత్రం ఇప్పటికీ నాకు కథ దొరకలేదు.