మేకు కొట్టకూడని గది

మనవరాలి గదికి కొత్తగా పైకప్పు చేయిస్తున్నారు మా అబ్బాయివాళ్లు. మబ్బుల్లా వంపులు తిరిగే అంచులు, వాటి మధ్య చుక్కల్లా వెలిగే చిన్న దీపాలు, మంచం వెనక గోడకి కొమ్మమీద కూర్చున్న గుడ్లగూబ, అన్నీ ముందే ఫోనులో చూసి ఎంచుకున్నారు. నిన్న పొద్దున పనివాళ్లు తొట్టిలో తెల్లపొడి పోసి నీళ్లు కలుపుతుంటే, తడిసిన సుద్దలా, వేడెక్కుతున్న సున్నంలా ఉండే ఆ ప్లాస్టర్ వాసన హాల్లోకి వచ్చేసరికి నా వీపు దానంతటదే బిగుసుకుపోయింది. కాఫీ గ్లాసు కింద పెట్టి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఆ వాసనలో నేను దాదాపు ఏడాది బతికాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నాన్న సచివాలయంలో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు ఫైళ్లతోపాటు మేమూ వచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో రుక్కమ్మగారింట్లో కింది వాటాలో దిగాం. షాబాదు బండల నేల, నల్లబడిన టేకు దూలాలు, సందులోకి తెరుచుకునే ఊచల కిటికీ. తెల్లవారగానే ఆ కిటికీలోంచి ఇంజన్ల బొగ్గుపొగా, మలుపులో ఉన్న ఇరానీ హోటల్లో మరిగే టీ వాసనా కలిసి లోపలికి వచ్చేవి. పై వాటాలో రుక్కమ్మగారు, ఆవిడ చిన్నకొడుకు, కోడలు, నా ఈడుదే మనవరాలు పద్మ. వాళ్లకి ఆబిడ్స్‌లో బట్టల దుకాణం ఉండేది. మేం సామాను దింపుతుంటేనే ఆవిడ గడపలో నిలబడి, "గోడకు మొల కొట్టొద్దు. గా సున్నం మా మామగారు కొట్టిచ్చిన్రు. పెచ్చు ఊడితే మల్ల గట్లాంటిది రాదు," అని చెప్పారు. అమ్మ దేవుడి పటాలు కూడా గూట్లోనే ఆనించి పెట్టుకుంది.

వానలు మొదలైన కొత్తలో నాకు నడుం నొప్పి పట్టుకుంది. తొక్కుడుబిళ్ల ఆడుతూ బిళ్ల తీసుకోవాలంటే వంగలేక, ముసలమ్మలా మోకాళ్లమీద చేతులు ఆనించి కూలబడేదాన్ని. దవాఖానలో ఎక్స్‌రే తీసి వెన్నెముకలో క్షయ అన్నారు. నన్ను బోర్లా పడుకోబెట్టి, తడి ప్లాస్టర్ పట్టీలు చంకల కింది నుంచి తొడలదాకా చుట్టారు. అవి ఆరుతూ కాలుతున్నట్టు వేడెక్కి, తరవాత రాయిలా బిగిశాయి. లేవకూడదు, కూర్చోకూడదు, రోజూ సూది. ఎన్నాళ్లని నాన్న అడిగితే, ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇది ఎముకలో ఉన్న జబ్బు, ఊపిరితిత్తుల్లో లేదు, ఇంకొకరికి అంటదు అని డాక్టరు రెండోసారి నొక్కి చెప్పినా, దారిపొడుగునా నాన్న మొహంలో రంగు లేదు. ఆ జబ్బు పేరు వింటే ఎవరు ఇల్లిస్తారు? ఇంటి గుమ్మం ఎక్కకముందే అమ్మతో అన్నారు: "మెట్లమీంచి పడి నడుం విరిగిందని చెప్దాం. ఎవరడిగినా అదే మాట."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలైంది.

నన్ను వీధిగదిలో మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టారు. తల కొంచెం అటూ ఇటూ తిప్పగలను, అంతే. కనిపించేదల్లా దూలాలు, వాటి మధ్య వాననీళ్లకి చెమ్మగిల్లి బల్లిలా సాగిన మరక. ప్లాస్టర్ లోపల చెమటకి దురద పుట్టేది. అమ్మ అల్లిక సూది దూర్చి గోకేది. కొన్నాళ్లకి నేను అన్నం మానేశాను. తర్వాత మాట్లాడటం కూడా మానేశాను. అమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి, నోరు తెరవకపోతే, వంటింట్లోకి వెళ్లి చెంగు నోట్లో కుక్కుకునేది. అయినా ఆ వెక్కిళ్లు నాకు వినబడుతూనే ఉండేవి.

అప్పుడు బాపట్ల నుంచి విశాలి పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు, స్కూలు ఫైనలు అయి ఇంటిపట్టున ఉన్న పిల్ల. రాగానే మంచం పక్కన ఉత్త నేలమీద, చీర నలుగుతుందని కూడా చూడకుండా, నాలాగే వెల్లకిలా పడుకుని పైకి చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

"అబ్బ! రోజల్లా నువ్వు చూసేది ఇదా?" అంది.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టింది. మేకు కొట్టకూడదు కాబట్టి, ఎప్పటివో ఉయ్యాల కొక్కేలు దూలాలకి ఉంటే ఆ చివర నుంచి ఈ చివరకి నులక తాడు లాగి కట్టింది. ఆ తాడుకి దారాలు, దారాలకి పతంగుల కాగితంతో చేసిన చేపలు, నాన్న ఆఫీసులో అడిగి తెచ్చిన సిగరెట్ పెట్టెల వెండికాగితపు నక్షత్రాలు, విరిగిన గాజుల గుత్తులు. ఆ గాజులు పొద్దుటి ఎండకి ఎర్రగా, ఆకుపచ్చగా నా దుప్పటిమీద కదిలేవి. పాత క్యాలెండర్ బొమ్మల్ని నేలవైపు చూసేలా వేలాడదీసింది. దుకాణంలో మిగిలిన ముక్కలంటూ రుక్కమ్మగారే ఒక మూట పంపితే, ఆ పట్టుపీలికలతో దూది కూరిన చిలకలు కుట్టింది. అన్నిటికంటే నాకు ఇష్టమైంది కిటికీ ఊచలకి ఏటవాలుగా కట్టిన అద్దం. అందులో సందంతా నా మొహంమీదికి వచ్చేది: సైకిళ్లు, బురఖాల్లో నడిచే ఆడవాళ్లు, మేకపిల్ల, ఆఫీసు నుంచి గొడుగు ఊపుకుంటూ వచ్చే నాన్న. పచ్చచిలకని చూసినరోజు రెండు ముద్దలు తిన్నాను. అద్దం కట్టినరోజు, "పిన్నీ, ఇంకొంచెం కిందికి వంచవా," అన్నాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కానీ అందమైన గది దాగదు. బతుకమ్మ పండగకి ముంగిట్లో ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్న సాయంత్రం, పద్మ గునుగుపూల కట్ట పట్టుకుని లోపలికి వచ్చి, తల ఎత్తి నోరు తెరిచి నిలబడిపోయింది. మర్నాడు సందులో పిల్లలందరినీ తీసుకొచ్చింది. అమ్మకి ఆ క్షణం నుంచి కాలు నిలవలేదు. పిల్లలొస్తే నా మొహం వెలిగేది, అందుకని పొమ్మనలేదు. మంచం దగ్గరికి ఎవరు జరిగినా ఆమె చెయ్యి గుమ్మంమీద బిగిసేది. డాక్టరు మాట నమ్మాలని ఉంది, పూర్తిగా నమ్మలేదు. నా కంచం, గ్లాసు వేరే కడిగేది. ఒకసారి పద్మ ఆడుతూ ఆడుతూ నా గ్లాసు అందుకుని నోటిదాకా ఎత్తింది. అమ్మ ఒక్క దూకులో వచ్చి లాగేసింది. నీళ్లు బండలమీద చిమ్మాయి.

"అందులో... మందు కలిపానమ్మా," అంది అమ్మ. పద్మ బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

చలికాలం వచ్చింది. దగ్గర్లోని ఎగ్జిబిషన్ మైదానంలో తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతుంటే వింటూ పడుకునేదాన్ని. పిన్ని అక్కణ్ణుంచి రంగుకాగితాల లాంతరు ఒకటి తెచ్చి నడిమి కొక్కేనికి కట్టింది. ఆ మరుసటి వారమే, ఒక పగటిపూట అద్దంలో చూశాను: నాకు రోజూ సూది వేసే కాంపౌండరు పని ముగించుకుని బయటికి వెళ్లాడు, గేటు దగ్గర రుక్కమ్మగారు ఎదురయ్యారు. మాటలు వినబడలేదు. ఆయన తన వెన్ను తట్టి చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆవిడ చేతిలో కూరగాయల సంచీ కిందికి జారింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

"అమ్మా," అని పిలిచాను. అప్పటికే గుమ్మంలో అడుగుల చప్పుడు.

రుక్కమ్మగారు గడప దాటలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "నడుం ఇర్గలేదంటగద?" అన్నారు.

అమ్మ చేతులు జోడించింది. "ఊపిరితిత్తులది కాదండీ, ఎముకది. అంటదని డాక్టరుగారు చెప్పారు."

"డాక్టర్లు మాకు గూడ శాన చెప్పిన్రు. మా పెద్దోడు గీ బీమారితోనే పోయిండు. గీ ఇంట్లనే పోయిండు." ఆవిడ పైకి చూశారు. చిలకల్లో తమ దుకాణం పట్టు గుర్తుపట్టి ఉంటారు, కళ్లు అక్కడే చాలాసేపు ఆగాయి. మళ్లీ మాట్లాడినప్పుడు కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది. "పండుకున్న పిల్లను ఎత్తుకొని పొమ్మంటే నాకు పాపం తగుల్తది. లేచి నిలబడేదాంక ఉండున్రి. నిలబడ్డంక ఖాళీ చెయ్యాలె. మా పద్మ ఇగ రాదు."

పద్మ రాలేదు. నాన్న రోజూ ఆఫీసు నుంచి బషీర్‌బాగ్, ఖైరతాబాద్, హిమాయత్‌నగర్ తిరిగి చీకటిపడ్డాక వచ్చేవారు. ఇప్పుడు ఆయన అబద్ధం చెప్పదలచుకోలేదు; నిజం చెప్పిన ప్రతిచోటా తలుపు మూసుకుంటోంది. అద్దంలో ఆయన నడక చూస్తేనే ఇల్లు దొరకలేదని నాకు తెలిసిపోయేది. ఒక మధ్యాహ్నం మాత్రం పై వాటా మెట్లమీంచి ఒక ఎండచుక్క వచ్చి నా పైకప్పుమీద గంతులేసింది. పద్మ అద్దంముక్క పట్టుకుని ఆడిస్తోంది. పై నుంచి రుక్కమ్మగారి గొంతు వినబడింది. చుక్క ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

ఎండలు ముదిరాక ప్లాస్టర్ కోసేశారు. నా కాళ్లు నాకే కొత్తగా, వెదురు బెత్తాల్లా ఉన్నాయి. నెమ్మదిగా నిలబెట్టమని డాక్టరు చెప్పి పంపారు. ఇంటికొచ్చి పిన్ని లేవదీస్తే, నిలబడటం రావడం లేదని కూలబడ్డాను. కాళ్లలో బలం లేనిమాట నిజమే. నేను నిలబడితే ఇల్లు పోతుందన్న భయం కూడా అంతే నిజం. పిన్ని నా మొహం చూసి ఏం కనిపెట్టిందో, తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పింది: "ఇంటి సంగతి నాన్నగారు చూసుకుంటారు. నువ్వు నీ కాళ్లు చూసుకో."

పైనున్న తాడు విప్పి, కిటికీ ఊచ నుంచి ద్వారబంధం కొక్కెం దాకా నా నడుమెత్తులో బిగించింది. చేపలు, చిలకలు దానికి అలాగే వేలాడుతున్నాయి. అవి పట్టుకుంటూ, తడబడుతూ, ఎవరికీ కనబడకుండా కిటికీ మూసేసి నడక నేర్చుకున్నాను. సరిగ్గా గది మధ్యలో ఉండగా, ఒకరోజు గాలికి తలుపు తెరుచుకుంది. ఎదురుగా రుక్కమ్మగారు. పిన్ని చెయ్యి నా భుజంమీద బిగిసింది. ఆవిడ నా పాదాలకేసి చూశారు.

"లేచింది," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. మెట్లెక్కిపోయారు.

ఆవిడ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. నాన్నే, ఒప్పుకున్నాం కదా అని, ఇంకా గట్టిగా తిరిగి హిమాయత్‌నగర్‌లో రెండు గదులు సంపాదించారు. సామాను బండి ముందు వెళ్లిపోయింది. మాకోసం రిక్షా సందు చివరే ఆగింది, లోపలికి పట్టదని. అమ్మ చేతిలో దేవుడి పటాలు, పిన్ని చేతిలో స్టవ్వు. రుక్కమ్మగారు మెట్లమీద నిలబడి మమ్మల్ని, ఆ దూరాన్ని చూశారు. కొంగు మొహానికి అడ్డం లేదు.

"పద్మా, పిల్లను రిక్షాదాంక చెయ్యి వట్టుకొని తీస్కపో," అన్నారు.

అమ్మ మెట్టుమీదే ఆగిపోయింది. పద్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తన అరచెయ్యి చెమటతో జారుతోంది, నాదీ అంతే. సందంతా నడిచాం.

హిమాయత్‌నగర్ ఇంటాయన గోడలు మీ ఇష్టం అన్నాడు, మేకులైనా కొట్టుకోండి, బొమ్మలైనా గీసుకోండి అని. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ వేలాడదీయలేదు. నేను పొద్దస్తమానం వీధిలోనే ఉండేదాన్ని. పిన్నికి పెళ్లయి వెళ్లిపోయింది. నాంపల్లి సందులో ఇప్పుడు లాడ్జీలు, ట్రావెల్స్ బోర్డులు. టేకు దూలాల ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. పద్మ వాళ్లు దుకాణం అమ్ముకుని ఎటు వెళ్లారో ఆబిడ్స్‌లో అడిగితే చెప్పేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.