మురుక్కాలవ మీది బండలు

మా ఆయన కారు నడిపేవాడు. సొంతది కాదు, పొగాకు షావుకారుది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క కారు వెనకాల బొగ్గుల పొయ్యి ఒకటి తగిలించి ఆ పొగతో నడిపేవాళ్ళు. పొద్దున్నే లేచి దాన్ని రాజేసి, విసిరి విసిరి, మొహమంతా మసి చేసుకుని కూర్చునేవాడు. "నాకు ఒక్కరోజన్నా ఇంత సేవ చేశావా" అని ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవాడు, జవాబు చెప్పేవాడు కాదు. నోరు మెదపకపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన గుణం, దాంతోనే నా కొంప మునిగింది.

ఊరి పేరు ఎందుకులే. పల్నాట్లో ఏ ఊళ్ళో ఇల్లు కట్టినా, అరుగు వేసినా నాపరాయే. మా వీధి మలుపులో రోడ్డుకి అడ్డంగా ఒక మురుక్కాలవ పారేది. దాని మీద తూము కూలి బండ్లు దిగబడుతుంటే, మునిసిపాలిటీ వాళ్ళు మందపాటి నాప బండలు పరిపించారు. పరిచిన మనుషులు నాకు బాగా తెలిసినవాళ్ళే. మొగుడూ పెళ్ళాలు. పని లేనప్పుడు "రోళ్ళకి, విసుర్రాళ్ళకి గంట్లు కొడతామమ్మా" అని అరుస్తూ వీధులు తిరిగేవాళ్ళు. ఆయన ఉలితో గంట్లు పెడుతుంటే, ఆమె రాయి కదలకుండా పట్టుకుని పైన లేచిన పొడి ఊదేది. నాకంటే కాస్త పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. పనయ్యాక చెంబెత్తి నీళ్ళు తాగి, నా కూతుర్ని చంకనేసుకుని, "దీన్ని నాకిచ్చెయ్ చెల్లే, నీకు రోలు ఊరికే కొట్టిపెడతా" అనేది. వాళ్ళకి పిల్లల్లేరు.

కాలవ మీద బండలు నున్నటి వైపు పైకి పెట్టారు. ఇంకెట్టా పెడతారు? ఇంట్లోనైనా, గుడిలోనైనా, మా చర్చి మెట్ల మీదైనా బండకి నున్నటి మొహమే పైకి ఉండాలి. గరుకు వైపు పైకి పెడితే పని రానివాడు వేశాడని నవ్వుతారు. ఓవర్సీరు వచ్చి, చెప్పు విప్పి, కాలితో రుద్ది చూసి బాగుందన్నాడు. మేమూ సంబరపడ్డాం. కడవలెత్తుకుని పోయే ఆడోళ్ళం, ఎండన పడి వచ్చి ఆ బండల మీద కాళ్ళు ఆనిస్తే చల్లగా, ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. కారు చక్రం సంగతి ఒక్కరికీ తట్టలా. ఊరంతా వెతికినా రెండో మూడో కార్లు, ఎవరికి తడుతుంది.

తొలకరి పడిన పొద్దున, షావుకార్ని గురజాలలో దింపి మా ఆయన ఒక్కడే తిరిగొస్తున్నాడు. బండ్ల చక్రాలకి అంటుకొచ్చిన రేగడి మట్టి ఆ బండల మీద పూసుకుపోయి ఉంది, దాని మీద వాన. మలుపు తిరిగేసరికి ఎదురుగా అక్క, నెత్తిన ఉలులూ సుత్తులూ ఉన్న తట్ట. బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగినయ్, కారు ఆగలా. వెనక ఉన్న బొగ్గుల పొయ్యి బరువుకి కారు అడ్డం తిరిగి, ఆమెని తీసుకుపోయి గోడకేసి కొట్టింది. ఇదంతా తర్వాత ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను కళ్ళారా చూసింది ఒకటే, ఆయన ఆమెని రెండు చేతుల మీద వేసుకుని వానలో ఆస్పత్రి వైపు పరిగెత్తడం. ఆస్పత్రి మెట్లెక్కేలోపే ప్రాణం పోయింది.

పోలీసులు తీసుకుపోయారు, షావుకారు జామీనిచ్చి బయటికి తెచ్చాడు. బయటికొచ్చినాయన ఇంటికి రాలా. నేరుగా అక్క వాళ్ళ గుడిసెకి పోయి, కండువా తీసి నేలన పెట్టి, ఆమె మొగుడి ముందు కూర్చున్నాడు. "అన్నా, నా చేతుల మీద జరిగింది" అన్నాడంట. మా వైపు అదొక మర్యాద. చేతుల మీద చావు జరిగినవాడు ఆ గడపకి పోయి కండువా తియ్యాలి, తియ్యకపోతే మనిషే కాదు. వకీలు ఈ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "నలుగురి ముందు నేరం ఒప్పుకుని వచ్చావేందయ్యా, ఇక నేనెందుకు?" అన్నాడు. మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు.

వకీలు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. దారి ఒకటే ఉందమ్మా, తప్పు రోడ్డుదని చెప్పాలి. అంత నున్నటి బండలు రోడ్డు మీద పరిపించింది మునిసిపాలిటీ, వాన పడితే ఎవడి కారైనా జారుతుంది అని నిరూపించాలి. లేకపోతే జైలు ఖాయం. నాకు ప్రాణం లేచొచ్చింది. వకీల్ని వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే మలుపు దగ్గరికి పోయా. పోతే ఏముంది, బండల్లేవు. అప్పటికే పీకించి, కంకర పోయించి పైన మట్టి చల్లారు. వకీలు మునిసిపాలిటీ ఆఫీసుకి పోయి అడిగితే, "మేము గరుకు వైపే పైకి పెట్టమని చెప్పాం, అట్టాగే వేశారు. మీవాడే కళ్ళు మూసుకుని తోలాడు" అన్నారంట. వాళ్ళ నోరు పడిపోను. ఊరంతా తొక్కిన బండలు. కానీ కోర్టుకొచ్చి ఆ మాట చెప్పమంటే ప్రతి మగాడికీ ఏదో ఒక పని పడింది. మునిసిపాలిటీ అంటే పన్నులు, పంపు, అంగడి అనుమతి, ఎవరి భయం వాళ్ళది.

ఇక మిగిలింది ఒక్కడే. ఆ బండలు పరిచినవాడు. ఆయన వచ్చి చెబితే కాదనేవాళ్ళు లేరు. చచ్చిన మనిషి మొగుడే వచ్చి తప్పు రోడ్డుదని చెబితే అంతకంటే ఏం కావాలి అన్నాడు వకీలు. ఏ మొహం పెట్టుకుని పోను? ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నా. దేవుడా అని ఆగిపోయా. వాయిదా దగ్గరికొచ్చింది. ఆయన జైలుకి పోతే నేనూ పిల్లా ఏమవుతామన్న భయం ఒకటి, ఆ మెతక మనిషి ఆ గోడల మధ్య తిరిగొస్తాడా అన్న భయం ఇంకొకటి. పిల్లని చంకనేసుకుని పోయా.

గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. ఉలులు తుప్పు పడుతున్నయ్. నన్ను చూసి లేచి చాప వేశాడు. అది చూసేసరికి నాకు ఏడుపు ఆగలా. ఏడుస్తూనే అడిగా.

"అన్నా, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. బండలు నున్నటి వైపు పైకి ఉన్నయ్యని చెప్పు. ఓవర్సీరు చూసి బాగుందన్నాడని చెప్పు. అబద్ధం అక్కర్లా, నిజమే చెప్పు."

తుప్పు పట్టిన ఉలి ఒకటి తీసుకుని గోటితో గీకాడు. తర్వాత అన్నాడు. "మీ ఆయన మీద నాకు కోపం లేదు చెల్లెమ్మా. కండువా తీసి కూర్చున్న రోజే పోయింది."

"అయితే రా అన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎట్టా రాను? బండ్లు తిరిగే చోటు, ఎద్దులు జారతయ్యేమో, గరుకు వైపు పైకి పెడదామని నేను అన్నా. మా ఇంటిదే వద్దంది. ఒట్టి కాళ్ళతో కడవలెత్తుకుని పోయే ఆడోళ్ళు, అరికాళ్ళు కోసుకుపోతయ్, తిప్పు అంది. ఇద్దరం కలిసి తిప్పాం. ఆ కొస అది, ఈ కొస నేను." అక్కడ ఆగి, పిల్ల వైపు చూశాడు. "ప్రమాణం చేయించి ఎవరు తిప్పమన్నారని అడుగుతారు. దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పలేను. దాని చావు అదే తెచ్చుకుందని నా నోటితో నలుగురిలో చెప్పమంటావా?"

నాకు ఒళ్ళు మండింది. మంచిదానినని అబద్ధం చెప్పను. చచ్చినామెకి మాట పడితే ఏమవుతుంది, బతికున్నవాడు జైలుకి పోతుంటే, అని నోటిదాకా వచ్చింది. తల దించితే నా కాళ్ళు కనపడినయ్. చెప్పుల్లేని కాళ్ళు. ఆమె తలచుకున్న ఆడోళ్ళల్లో నేనూ ఒకదాన్ని. ఆ చల్లటి బండల మీద నిలబడి ఎన్నిసార్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నానో. లేచి, పిల్లని సర్దుకుని వచ్చేశా.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పా. మొత్తం విన్నాడు. "ఆయన్ని పిలవొద్దే" అన్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. "నువ్వు మనిషివా, రాయివా? వేసిందెవరో, వేయించిందెవరో, చూసి బాగుందన్నదెవరో, అందరూ ఇళ్ళల్లో పడుకుంటారు, నువ్వు పోయి జైల్లో కూర్చో. రోడ్డు నీదా? మునిసిపాలిటీది కాదా?" అని అరిచా. పక్కింటివాళ్ళు తలుపులు తెరిచి చూశారు, చూడనీ.

"వాళ్ళదీ తప్పే" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అంత మాట్లాడటం నేను చూడలా. "తూము కూలినప్పుడు సరిగా కట్టుంటే బండలే అక్కర్లేకపోయేది. వాళ్ళని ఎవరన్నా నిలదియ్యాలి, నిజమే. కానీ వాళ్ళది తప్పయితే నాది లేకుండా పోద్దా? వాన పడుతుందని తెలుసు. వెనకాల బరువుందని తెలుసు. మలుపులో నెమ్మదించలేదు. పొయ్యి ఆరిపోతే మళ్ళీ రాజెయ్యాలని, ఊపు తగ్గనియ్యలా." నేను ఆయన చెంప మీద కొట్టబోయి, ఆయన భుజం మీద పడి ఏడ్చా.

కోర్టులో మునిసిపాలిటీ గుమాస్తా వచ్చి బండలు గరుకుగా ఉన్నయ్యని చెప్పిపోయాడు. వకీలు గట్టిగానే వాదించాడు, రోడ్డు తప్పన్నాడు, చూపించడానికి బండల్లేవు, చెప్పడానికి మనిషి లేడు. బండలు పరిచినాయన కోర్టు బయట చెట్టు కింద కూర్చుని ఉండటం నేను చూశా. పిలిస్తే లోపలికి వచ్చేవాడేమో. మా ఆయన కూడా చూశాడు. మేజిస్ట్రేటు ఏమన్నా చెప్పుకునేది ఉందా అని అడిగితే, "కారు నా చేతిలో ఉంది అయ్యా" అన్నాడు. అంతే. ఏడాది వేశారు. షావుకారు కారుకి సొట్టలు తీయించి ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నాడు. మునిసిపాలిటీని ఎవరూ ఏమీ అడగలా, అడుగుతారని నేనెందుకు అనుకున్నానో తెలియదు.

వానలు వెనకబట్టేసరికి ఆ కంకర కాస్తా కొట్టుకుపోయి, బండ్లు మళ్ళీ దిగబడ్డం మొదలైంది. మళ్ళీ బండలే దిక్కయినయ్. అవే పాత బండలు తెచ్చి పడేశారు, పరచడానికి అక్క మొగుణ్ణే పిలిచారు. ఈసారి గరుకు వైపు పైకి అన్నారంట. నేను నీళ్ళకి పోతుంటే ఆయన రోడ్డు పక్కన కూర్చుని, గరుకు వైపు కూడా చాలదని, రోలుకి కొట్టినట్టు బండ బండకీ గంట్లు కొడుతున్నాడు. కొట్టడం అయ్యాక ఒక కొస పట్టి లేపి, అవతలి కొస వైపు చూస్తూ ఆగాడు. అలవాటు. ఎవరో పట్టుకుంటారన్నట్టు ఆగాడు. తర్వాత గుర్తొచ్చినట్టుంది, బండ మెల్లగా దించేశాడు.

కడవ గట్టున పెట్టి, పిల్లని కూర్చోబెట్టి, పోయి ఆ కొస పట్టుకున్నా. ఆయన మళ్ళీ తన కొస పట్టాడు. గంట్లు అరచేతుల్లో దిగినయ్. పొద్దు వాలేదాకా అన్ని బండలూ పరిచాం. తర్వాత చానా ఏళ్ళు మా వీధి ఆడోళ్ళు కడవలతో దాటుతూ, అరికాళ్ళు కోసుకుపోతున్నయ్యని వేసినవాళ్ళని తిట్టేవాళ్ళు. నా కాళ్ళూ కోసుకుపోయేవి. నేను వాళ్ళ పక్కనే, ఒక్క మాట అనకుండా నడిచేదాన్ని.