అమ్మ ఫోటోకు ఇంకా అయిదేళ్ళు

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లులారా, ఇది గట్టిగా చెప్పుకునే మాట కాదు.

నాకు రెండేళ్ళు నిండకముందే మా అమ్మ పోయింది. మా ఊళ్ళో ఎవరి పెళ్ళి ఎప్పుడైందో, ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో అన్నీ చెప్పగలను గానీ, ఆమె ముఖం నాకు గుర్తు లేదు. ఉన్నది ఒక్క ఫోటో. నన్ను ఒళ్ళో పెట్టుకుని గిద్దలూరు స్టూడియోలో తీయించుకున్నది. మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి, పటంలో తెల్లటి మచ్చ పుట్టింది. చీర కుచ్చెళ్ళు తినేసి అమ్మ మెడ దాకా వచ్చింది. కోడలు ఫోనులో తీస్తే అద్దం మెరుపు తప్ప ముఖం పడలేదు. అద్దం తీద్దామంటే ఫోటో దానికి అతుక్కుపోయింది.

పటాన్ని చీరముక్కలో చుట్టి మార్కాపురం తీసుకుపోయాను. ఫోటోల దుకాణం ఆయన వెనక అట్ట తిప్పి చూశాడు.

“స్టూడియో ముద్ర ఉంది పెద్దమ్మా. వాళ్ళనడక్కుండా కాపీ తీయకూడదు. పోయినేడు ఒకరి పెళ్ళి ఫోటో తీసిచ్చి నోటీసు తెచ్చుకున్నా.”

“ఆ స్టూడియో ఎప్పుడో పోయింది నాయనా. వాళ్ళ మనుషులు యాడుండారో ఎవురికీ తెలీదు.”

“తీసి అరవై ఏండ్లు నిండితే ఫోటో మీద వాళ్ళ హక్కు పోతాది, అప్పుడది అందరి సొత్తు. ఎప్పుడు తీసినారు?”

నాకు తెలియకపోవడమా! “మన తాలూకా కర్నూలు నుంచి ప్రకాశంలో కలిసిన ఏడు. మా నాయన ఎన్నిసార్లు చెప్పినాడో!” అన్నాను గొప్పగా.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “ఇంకా అయిదేండ్లు ఉందే!”

“మచ్చ ఆగుతాదా అయిదేండ్లు?”

“నన్నేం జేయమంటావు పెద్దమ్మా?”

పక్క వీధిలో ఇంకో దుకాణానికి పోయి, ఇది ఎనభై ఏళ్ళ నాటిదని చెప్పాను. ఆ మనిషి అద్దం తుడిచి, “ఒళ్ళో పిల్ల ఎవురు?” అన్నాడు.

“నేనే” అని నోరు జారింది.

“ఎనభై ఏండ్లా నీకు! నాకంటే చలాకీగా ఉండావే!”

దుకాణంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపొచ్చింది. పటం తిరిగి నా చేతిలో పెట్టాడు.

బస్టాండులో చీరముక్క విప్పి చూశాను. మచ్చ గడ్డం కిందికి చేరినట్టనిపించింది. ఏ కన్ను చిన్నదో, ఏ కనుబొమ్మ ఎత్తో, పాఠం వల్లించినట్టు నోటితో చెప్పుకుంటూ కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి సగం మరిచిపోయాను.

కూర్చుని విన్నారు, అదే చాలు. మీ ఇంట్లో బిడ్డలు తల్లుల ముఖాలు చూసుకుంటూ పెరగాలి. చల్లగా ఉండండి.